బ్రూడరు ఆరిన రాత్రి

మూడో షెడ్డులో అరుపు మారింది.
నిద్దట్లోనే తెలిసిపోయింది నాకు.
వెచ్చగా ఉన్న పిల్లలు గొణుక్కుంటాయి,
చలేసిన పిల్లలు పిలుస్తాయి.
ఆరేళ్ళుగా ఈ ఊక మీద
నేను చదువుకున్న చదువదొక్కటే.

టార్చి పట్టుకుని పరిగెత్తాను.
బిక్కవోలు వైపు నుంచి పుష్యమాసపు మంచు
కాలవ గట్టు దిగి, గోనె తెరల సందుల్లోంచి
అడక్కుండా లోపలికొచ్చి కూర్చుంది.
రేకు గొడుగు కింద ఎర్రగా ఉండాల్సిన చోట
నల్లటి గుండ్రం.
నిన్న పొద్దుట వ్యాను దిగిన వెయ్యి ప్రాణాలు
ఒకదాని మీదొకటెక్కి
ఒకటే పసుపు ముద్ద.
ముద్ద అడుగున ఏమవుతోందో
అప్పుడు ఆలోచించకూడదు.

నా దుప్పటి కంచె మీద కప్పేసి
మొదట సిలిండరు ఊపాను. కడుపులో బరువుంది.
రెగ్యులేటరు తిప్పితే టిక్కుమంది.
పైపు కీళ్ళకి సబ్బు నురగ రాశాను,
బుడగ లేదు.
మీట నొక్కి అగ్గిపుల్ల చూపిస్తే
చిన్న మంట లేచింది, నీలంగా, బుద్ధిగా.
వేలు తీశానో లేదో
టప్పున పోయింది.
మళ్ళీ నొక్కాను. లేచింది.
వదిలాను. పోయింది.
బాకీ ఉన్నవాడి మర్యాదలా
ఎదురుగా నిలబడి ఉన్నంతసేపే.

ఓనరుగారి ఫోను ఆపేసి ఉంది.
అనపర్తి ఆదాముకి చేశాను, మెకానిక్కు.
ఎన్ని పోయాయని అడగలేదు. ముందు,
"పిల్లలెక్కడున్నాయి మణీ?
ఓ పక్కకి జరిగాయా, నడిమధ్యన గుంపయ్యాయా?"
మధ్యనే.
"అయితే గాలి కాదు, మంటే.
మంట పక్కన వేలంత రాగి పుల్లుంటుంది, చూడు.
దానికి వేడి తగిలినంతసేపే
గ్యాసుకి దారి.
తగల్లేదనుకుందో, తలుపేసేస్తుంది.
గ్యాసు కట్టేసి, చల్లారనిచ్చి
దాని మొహం తుడువు."

అతను మంచం మీద, నేను ఊకలో మోకాళ్ళ మీద,
ఫోను చెవికీ భుజానికీ మధ్య.
టార్చి పళ్ళతో పట్టుకున్నాను.
ఊక ధూళి, పాత మసి, ఈకల నూగు
అట్టు కట్టి ఉన్నాయి దాని మొహాన.
పక్కనే మంట మండుతున్నా
దానికి అందలేదు.

"గరుకు కాయితం ఉందా?"
లేదు.
"ఇంకేముంది?"
కేరేజీ తోమే ఇనప పీచుంది.
"ఆయ్, అదే. మెల్లిగా, కుంకుడు గింజ రుద్దినట్టు."
రుద్దాను.
మసి కింద నుంచి
కొత్త కానీ లాంటి రాగి.

"నొక్కి పట్టుకుని ముప్పై లెక్కపెట్టి వదులు."
నమ్మకం చాల్లేదు.
అరవై దాకా లెక్కపెట్టాను.
వేలు లేపాను.
మంట ఉంది.
వేలు ఇంకా గాల్లోనే ఆగిపోయింది,
కిందకి దించితే దిష్టి తగులుతుందేమోనని.

జాలీ ముందు ముదురు ఇటికరంగు, తరవాత పండు మిరప.
ముద్ద పై అంచున ఒకటి కదిలింది.
పక్కది దొర్లి లేచింది.
చూస్తూండగా పసుపు పలచబడి
కంచె నిండా జల్లినట్టు పరుచుకుంది.
అరుపు పిలుపు నుంచి గొణుగుడికి దిగింది.
"ఆదామూ, అయ్యిందండీ" అంటే
ఫోనులో గురక.

అడుగున పదకొండు లేవలేదు.
వేళ్ళతో మెత్తగా నొక్కి చూశాను,
మీట నొక్కినట్టే, పదకొండూ.
ఒకదాన్ని రవికలో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను.
పన్నెండోది కావాల్సింది, అది మాత్రం
ఆరింటి పాసింజరు కూతకి
కాలితో నన్ను గీరింది.

గోడ మీద చీటీలో
చచ్చినవి: పదకొండు.
కారణం అన్న గడిలో చలి అని రాయబోయి
మసి అని రాశాను.
ఓనరుగారు చదివి ఏమీ అనలేదు,
వారం కూలిలో కోసుకున్నారు.

పీచు ఇప్పుడు షెడ్డులోనే మేకుకి వేలాడుతోంది.
కేరేజీ
కాలవ ఇసకతో తోముకుంటున్నాను.